ఐదు చీరల తిమింగలం

అయినా, కథల పీరియడ్‌లో పిల్లలు అరుస్తున్నారని నన్ను తప్పుపడితే ఎలా? మాట్లాడటం నేర్పమన్నారు, నేర్పుతున్నాను. నోరు మూసుకుని మాట్లాడటం నాకే చేతకాదు, ఇక వాళ్లకెలా నేర్పను?

ఈ మాట మా హెడ్మాస్టరుగారి మొహం మీదే అనేశాను. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ క్వార్టర్ల పక్కనున్న చిన్న బడి మాది. పొద్దున్నే హైదరాబాదులో బస్సెక్కి వచ్చేదాన్ని. ఒకటో తరగతి నాది. ఆయన సొంతూరు బందరు. ఎంత రెచ్చగొట్టినా గొంతు పెంచరు, నాకు ఒళ్లు మండేది అందుకే. ఆ వారం మా కథ తిమింగలం గురించి.

"చూడమ్మాయ్, తిమింగలం మన పాఠాల్లో ఎక్కడా లేదు. పైగా అదెంత పొడుగో కనుక్కోడానికి ఆఫీసు ఫోన్లో సిటీకి ట్రంక్ కాల్ చేశావట. శనివారం పొద్దున వచ్చి కూర్చుంటాను. పిల్లలు దాని గురించి నాలుగు ముక్కలు చక్కగా చెబితే సరే. లేదంటే సోమవారం నుంచి ఆ పీరియడ్ చేతిరాతకి, కాపీరైటింగ్‌కి."

ఫోను సంగతి నిజమే. ఆ నల్ల ఫోను ఖాళీగా కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. లైబ్రరీలో పనిచేసే స్నేహితురాలు తొంభై అడుగుల దాకా ఉంటుందని చెప్పింది. తొంభై అడుగులంటే ఆరేళ్లవాళ్లకేం అర్థమవుతుంది? "అమ్మ చీరలు ఐదు వరసగా పరిస్తే ఎంతో, అంత" అన్నాను. పాతవి ఉంటే తెమ్మన్నాను కూడా. వాళ్లు దండేల మీద ఏది దొరికితే అది లాక్కొచ్చారు.

చీరలు ముడేసి గ్రౌండులో పరిచామో లేదో, అందరూ కిందికి దూరిపోయారు. తల పైకి పెట్టిన ప్రతివాళ్లూ తిమింగలంలా ఊపిరి వదిలి, ఒక మాట చెప్పి, మళ్లీ మునగాలి. అదీ ఆట.

"టీచర్, పైకెప్పుడు రావాలి?" అని ఎవరో అడిగారు.

కర్దనూరు నుంచి వచ్చే పిల్ల ఠక్కున అంది: "సైరన్ గొట్టినప్పుడు రావాలె. మా నాయిన గంతే. డ్యూటీల వోయిండంటే సైరన్ గొట్టేదాక బయటికి రాడు."

అలా మా తిమింగలం షిఫ్టు డ్యూటీలో చేరింది. సరిదిద్దుదామనుకున్నాను గానీ, నవ్వి నవ్వి నా కడుపు నొప్పెట్టింది.

శనివారం ఒకటే మంచు. హెడ్మాస్టరుగారు మఫ్లర్ చుట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు చీరల కింద ఉన్నారు. సరిగ్గా అప్పుడే క్వార్టర్ల నుంచి ఒకావిడ ఊడిపడింది.

"ఓ టీచరమ్మా! నా జరీ చీర ఏది?"

"తోక దగ్గరుందండీ."

"తోకేంది? ఏం తోక?"

హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. నా పీరియడ్ పోయినట్టే అనుకున్నాను. పోతే పోయింది, వెళ్లేముందు నాలుగు దులిపి వెళ్దామని నోరు తెరిచాను. ఈలోగా ఆయన, చీర కింద నుంచి తొంగిచూస్తున్న కర్దనూరు పిల్లను పట్టుకున్నారు.

"ఏదీ, తిమింగలం గురించి చెప్పు."

"అది షాప గాదు సార్. పిల్లకు పాలిస్తది. మన లెక్కనే దానికి గాలి గావాలె. పైకొచ్చి ఫూ అని ఊదుతది."

"నీళ్లు చిమ్ముతుంది అనాలమ్మా. ఫౌంటెన్‌లాగా."

"నీళ్లు గాదు సార్, ఊపిరే."

"నేను బందరువాణ్ణి తల్లీ. సముద్రం నాకు తెలీదా?"

"అయితే ఊదుండ్రి సార్. జెర గట్టిగ."

ఎందుకు ఊదారో ఆయనకే తెలీదు. మఫ్లర్ లోంచి తెల్లగా బుస్సున పొగ లేచింది.

"గదే సార్! సల్లగుంటే ఊపిరి గిట్ల కానొస్తది. మీరేమన్న నీళ్లు తాగి ఊదిండ్రా?"

చీర కోసం వచ్చినావిడ కూడా ఒకసారి ఊది చూసుకుంది. "అవ్ సారూ, పోరి చెప్పింది నిజమే!"

అప్పుడు మోగింది ఫ్యాక్టరీ సైరన్. ఐదు చీరల కింద నుంచి తలలన్నీ ఒక్కసారే పైకి లేచాయి. ఫూ! గ్రౌండంతా తెల్ల పొగ.

"నా డ్యూటీ అయిపోయింది!"

"నా పిల్లేది? పాలియ్యాలె!"

"నేను నీ కంటే పొడుగున్న సార్!"

ఏడాదంతా నోరు విప్పనివాళ్లు కూడా ఆయన మొహంలోకి చూసి ఒక్కో మాట విసిరి మునిగిపోతున్నారు. ఆయన మాత్రం చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ చూడట్లేదనుకుని, ఇంకోసారి ఊదుకున్నారు. నేను చూశాను.

సోమవారం కథల పీరియడ్ అలాగే ఉంది. "ఫోను జోలికి మాత్రం వెళ్లకు" అన్నారంతే.

ఆ పొద్దున కాపీరైటింగ్ చేసుంటే పిల్లలు ఇంతకంటే ఎక్కువ నేర్చుకునేవాళ్లని ఇంకా అంటారా? అయితే చలికాలం పొద్దున్నే మా గ్రౌండుకు రండి, ముందు గట్టిగా ఒకసారి ఊదండి. ఆ తర్వాత నాతో వాదించే దమ్ము మిగులుతుందా?