తొలి క్షణం జాడ కోసం పొందూరు దాకా

పోయిన నెల విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో నా పరిశోధన గురించి మాట్లాడాను. సీసం అణుకేంద్రకాలు దాదాపు కాంతి వేగంతో గుద్దుకుంటే, ఆ తొలి క్షణంలో ఏమవుతుందన్నది నా పని. హేమ అనే అమ్మాయి లేచి, "ఆ క్షణాన్ని ఎవరూ సూళ్లేదు కదా మేడమ్, మీకెలా తెలిసినాది?" అంది. నేను సమీకరణాలు చూపించాను. తను నోట్సు మూసేసి కూర్చుంది. సిగ్గేసింది నాకు. మళ్లీ వచ్చి చెబుతానని మాటిచ్చాను గానీ, వెళ్లాల్సిన రోజు వచ్చినా జవాబు దొరకలేదు. క్లాసు రెండింటికి. బుర్ర తేలికపడుతుందని పొద్దున్నే పొందూరు బయల్దేరాను.

విజయనగరంలో ఏడింటికి ప్యాసింజరు ఎక్కితే గంటలో పొందూరు. స్టేషన్ నుంచి ఊళ్లోకి షేర్ ఆటోకి ఇరవై తీసుకున్నారు. డ్రైవరు నా పనేమిటని అడిగితే చెప్పాను. "గుద్దుకోడం సూడ్డానికి ఇంత దూరమేటి మేడమ్? హైవే మీద నిలబడితే సాలు" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

ఖద్దరు నూలు వడికే సూరమ్మగారు అరుగు మీద కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకుతున్నారు. ఆ సన్నటి పళ్లే ఇక్కడి వాళ్ల దువ్వెన. నన్నూ ఏకమన్నారు. చేయి నొప్పెట్టి, ఉండలు ఉండగానే అయిపోయిందన్నాను. ఆవిడ గింజ తీసి ఏకులు చుట్టే మధ్య పనులు చకచకా కానిచ్చి, ఆ దూదినే రాట్నం మీద వడికి, పోగు నా వేళ్ల మధ్య పెట్టారు. సన్నం, లావు, మళ్లీ సన్నం.

"సూసినావా? నువ్వు ఏకింది నేను సూడకపోయినా ఈ పోగు సెప్తాది."

అక్కడే చతికిలబడ్డాను. ఆ వేగంలో కేంద్రకాలు అప్పడాల్లా చదునై, ఒకదాన్లోంచి ఒకటి దూసుకుపోతాయి. నడుమ మిగిలిన బలమైన క్షేత్రాలు ఊహకందనంత తక్కువ సమయంలో మరిగే ద్రవమవుతాయి. అది విచ్చుకుని చెదిరిపోయాక, చివరి కణాలు మాత్రమే మా పరికరాలకు చిక్కుతాయి. అవి ఏ వైపు ఎక్కువగా చిమ్ముతాయో చూస్తే మొదటి ఆకారం తెలుస్తుంది. నా స్లయిడులో మాత్రం కేంద్రకం నున్నటి బంతి! నిజానికి లోపల ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒకచోట గుమిగూడి, ఒకచోట పలచగా ఉంటాయి. లెక్క తేలికవుతుందని ఉండలన్నీ చదును చేసి, సాక్ష్యాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను.

తిరుగు రైల్లో ఆ బొమ్మ మార్చాను. క్లాసులో హేమ ఈసారి చివరి బెంచీలో కూర్చుంది. పోగు తన చేతికిచ్చి, కళ్లు మూసుకుని తడమమన్నాను.

"ఇక్కడ లావుగా ఉన్నాది మేడమ్... పత్తి సరిగ్గా ఏకలేదు." కళ్లు తెరిచింది. "ఏకినోళ్లు మీరేనా?"

క్లాసంతా గొల్లుమంది. నాకంత సంతోషం ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. ఇన్నేళ్ల చదువులో నా తప్పు నాకింత పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. మీరూ పొందూరు వెళితే ఎండ ముదరకముందే వెళ్లండి, మీరు పాడుచేసిన పోగులు రెండు అడిగి తెచ్చుకోండి. నేను ఒకటే తెచ్చాను. అది హేమ తిరిగివ్వలేదు.