ఇద్దరు చూస్తేనే పిట్ట

ఆ ఉదయం మా బర్డ్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో టీచరమ్మ నంబరు నుంచే మెసేజ్ వచ్చింది: "అత్తమ్మ తెల్లారంగ పోయారు." రాసింది కోడలే. అయినా పైన ఆమె పేరు, పక్కనే మెడలో బైనాక్యులర్‌తో ఆమె నవ్వుమొహం. పోయిన మనిషే తన కబురు తాను పంపినట్టుంది. 

తార్నాకలో మా అపార్ట్‌మెంట్‌లో ఆమెది మా పై అంతస్తు. గవర్నమెంటు స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం బారెడు పొద్దెక్కినా ముసుగు తీయని నన్ను తలుపు బాది లేపింది ఆమే. "ఏంది బిడ్డా, ఇంకా పండుకున్నవా? పిట్టలు నీ కోసం ఆగుతయా?" నన్ను అలా లేపే ధైర్యం మా ఆయనకు కూడా లేదు. లేచాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ పడుకోలేదు.

యూనివర్సిటీ గేటు దాటి, హాస్టళ్ళ వెనక నుంచి మాణికేశ్వర్ నగర్ వైపు నడిస్తే తుమ్మచెట్లు, నడుము దాకా గడ్డి. అదే మా చోటు. క్లబ్బులో ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఇద్దరు చూస్తేనే పిట్ట. ఒక్కరికే కనబడింది లెక్కలోకి రాదు. పోనీ "నేనూ చూశా" అంటే సరిపోతుందా? "తల ఏ రంగున్నది? తోక ఎట్లున్నది?" అని నిలదీసేవారు. ఒకసారి కాకి గురించి చెప్పడానికి కూడా నాకు చెమట పట్టింది. "చూసినంత మట్టుకే చెప్పు బిడ్డా. చూడాలనుకున్నది చెప్పకు" అనేవారు. నాకు చూడటం నేర్పింది ఆమే. ఆ రుణం పెద్దది.

వానలు వెనకబట్టాక ఆమె ఎదురుచూసేది జొన్నపిట్టల కోసం. దూరదేశాల నుంచి వలస వచ్చే పిచ్చుకంతటివి; పసుపు పొట్ట, నల్ల తల. చిన్నప్పుడు ఊళ్ళో మంచె ఎక్కి, వడిసెల తిప్పి, జొన్నచేను మీది నుంచి వాటిని తోలేవారట. "అప్పుడు తరిమిన. ఇప్పుడు రా రా అంటున్న. పిట్టలకు నవ్వు రాదా?" క్యాంపస్‌లో కొత్త గోడలు లేచాక అవి రావడం మానేశాయి.

కిందటేడు దసరా వెళ్ళాక ఒక ఆదివారం గడ్డి దగ్గర ఆమె టక్కున ఆగి చెయ్యెత్తారు. అప్పటికే చూపు మందగించింది.

"వచ్చినయి" అన్నారు. "గదిగో, తుమ్మ మీద. మస్తున్నయి."

మాకెవరికీ ఏమీ కనబడలేదు. బైనాక్యులర్ తీసి నా చేతికిచ్చారు. గాలి లేదు. చెట్టు చెట్టంతా కదలకుండా ఉంది. ఒక్క కొమ్మ మాత్రం కిందికీ పైకీ ఊగుతోంది, దాని మీంచి ఏదో అప్పుడే లేచిపోయినట్టు.  కానీ కొమ్మ పిట్ట కాదు కదా. బైనాక్యులర్ తిరిగి ఆమె చేతికిచ్చాను.

తిరిగొస్తూ ఇరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని ఆమే మాట ఎత్తారు. "మా అమ్మ ఆఖరికి ఇంట్ల కూసోని లేని పిట్టలను తోలేది. హోయ్, హోయ్ అని. మమ్మల్ని గుర్తుపట్టకపోతుండె. నాకు గట్లయితదేమో బిడ్డా. సావంటే భయం లేదు. మతి పోవుడంటేనే."

"మీకేం కాదు టీచరమ్మా" అన్నాను. ఆ మాట నాకే చప్పగా అనిపించింది. చాయ్ మీద మీగడ కట్టింది. ఆమె తాగలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అవి ఆమెకు కనబడేవి. "ఉన్నయి" అని మెల్లగా చెప్పి, వెంటనే "ఒక్కదాన్నే చూసిన, లెక్కలోకి తీసుకోకుండ్రి" అనేవారు. మా క్లబ్బుకు లాలాపేట్ నుంచి వచ్చే రైల్వే ఆయన రావడం తగ్గించాడు. "ఆమె అట్ల చూస్తుంటే, ఏం లేనికాడ కూడా ఏదో ఉన్నట్టే అనిపిస్తదమ్మా" అన్నాడు నాతో.

పోవడానికి కొద్ది రోజుల ముందు, సాయంత్రం పూట చూడ్డానికి వెళ్ళాను. మంచం పట్టారు. కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. నన్ను చూసి గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని, కిటికీ వైపు గడ్డం ఎత్తారు.

"వచ్చినయి. ఇంట్లకే వచ్చినయి."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నువ్వు చూసినవా?" అని అడిగారు టీచరమ్మ. ఆ గొంతులోని భయం నాకు తెలుసు. 

"చూశాను టీచరమ్మా."

"తల ఏ రంగున్నది?"

"నలుపు."

నా మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టారు. "దొంగపిల్లా! నల్లతలవి ఒక్కటన్న రాలే. అన్నీ ఎర్రతలవే. గవి వేరే జాతి. నువ్వేం చూడలే." దగ్గు వచ్చింది, అయినా నవ్వు ఆగలేదు. "మతి పోయినోళ్ళకు గిట్ల దొంగను పట్టుకునుడు వస్తదా? నా మతి నాకున్నది."

ఏడాదిగా ఆ మొహంలో లేని నెమ్మది కనబడింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అప్పుడు ఆమె చూపు కిటికీ నుంచి కదిలింది. పరదా కడ్డీ వెంబడి, బీరువా మీదుగా, నిదానంగా పైకప్పు దాటి, కిందికి దిగి, నా ఎడమ భుజం మీద ఆగింది. ఆమె నవ్వు ఆగిపోయింది. పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

"కదలకు బిడ్డా" అన్నారు, ఊపిరంత సన్నగా.

నేను కదల్లేదు.