బెల్లం పొట్లంలో పోయిన మేకపిల్ల

మా చిన్నప్పుడు ఒక కథను చివరిదాకా చదవాలంటే మా బాపు చేతికంటే నా కళ్లు వేగంగా పరుగెత్తాలి...

జనగామలో మాది కిరాణం దుకాణం. పప్పు, బెల్లం, చింతపండు... అన్నీ కాగితం పొట్లాల్లోనే. బాపు పాత పుస్తకాలు తూకానికి కొని, తక్కెడ పక్కన కట్టగా పెట్టుకునేవాడు. అందులో పిల్లల పత్రికలు కనిపిస్తే నాకు పండుగే. బియ్యం బస్తా మీద కూర్చుని, బాపు పేజీ చింపేలోపు గబగబా చదివేసేదాన్ని.

ఒక వారపు అంగడి రోజు దొరికిన కథలో మేకపిల్ల ఒకటి ఎవరికీ చెప్పకుండా రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, చెట్లు వెనక్కి పరుగెత్తుతుంటే తెగ సంబరపడింది. అంతలో నల్లకోటు ఆయన వచ్చి "టికెట్ ఏదీ?" అని అడిగాడు...

పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ కోసం చూస్తే కట్టలో లేదు! అప్పటికే అది బెల్లం చుట్టుకుని, పురికొస కట్టించుకుని, కమ్లక్క సంచిలో చేరిపోయింది. కమ్లక్క నర్మెట్ట దిక్కు తండా నుంచి ప్రతి అంగడికీ వచ్చేది. చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి ఉరికాను గానీ, ఆమె ఎక్కిన జీపు వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో వాళ్లకు నేను పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. అన్నం ముందు కూర్చోవడం, మేకపిల్లను రైల్లోంచి దింపేశారో, పోలీసులకు పట్టించారో అని ఏడవడం... "కాయితం ముక్క కోసం గింత పరేషాన్ ఏంది బిడ్డా!" అని బాపు తల పట్టుకున్నాడు.

మళ్లీ అంగడి వచ్చింది. కమ్లక్క గడప తొక్కకముందే ఎదురెళ్లి అడిగాను.

"గా బెల్లం కాయితమా? దాంతోని పొయ్యి అంటువెట్టిన కద బిడ్డా!" అంది.

ఇంక చూడండి... దుకాణం కప్పు ఎగిరిపోయేలా ఏడుపు అందుకున్నాను. బేరాలన్నీ ఆగిపోయాయి. పాపం, కమ్లక్క సంచి కింద పెట్టి నా ముందు కూర్చుంది.

"ఏడ్వకు బిడ్డా. ఎక్కడిదాంక సదివినవో చెప్పు. అటెన్కది నాకెరుకే."

వెక్కుతూనే చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"టికెట్ ఏదంటే మేకపిల్ల ఏమన్నదో ఎరుకేనా? 'కొన్న సారూ... ఆకలైతే తిన్న' అన్నది!"

తర్వాత ఆ మేకపిల్ల నల్లకోటు సారు చేతిలోని పుస్తకం కూడా నమిలేసిందట! ఆయన లబోదిబోమంటే డ్రైవరు రైలును తీసుకొచ్చి తండా దగ్గర ఆపాడట. తండా పిల్లలంతా ఎక్కి, మేకపిల్లతో కలిసి ఊళ్లన్నీ తిరిగొచ్చారట... బాపు తక్కెడ వదిలేసి కడుపుబ్బ నవ్వాడు.

"కాయితంల గట్లనే ఉన్నదా అక్కా?" అని నిలదీశాను.

"అచ్చం గట్లనే."

ఆమెకు చదువు రాదన్న సంగతి నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు...

మొన్న మా ఊళ్లో పిల్లల కథల పండుగ చేశారు. ఏ గోడ చూసినా కథల బొమ్మలే! చిన్నప్పటి కథలు చెప్పమని ఊరివాళ్లను అడిగితే, నేను ఇదే చెప్పాను. స్టేషన్ దారిలో ఒక గోడ మొత్తం గీశారు. మేకపిల్ల నోట్లో సగం టికెట్, పక్కనే నెత్తి గోక్కుంటున్న నల్లకోటు సారు. దాని ముందు బడిపిల్లలు కాగితం చెవులు పెట్టుకుని, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, చుక్ చుక్ రైలై వీధంతా తిరిగారు. నాకైతే వాళ్లతో పాటు పరుగెత్తాలనిపించింది.

కమ్లక్కను పిలిపించాను. మనుమరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇప్పుడు నడుము వంగింది గానీ నవ్వు అదే. గోడను తడిమి "గిది నా మేకపిల్లనే" అని మురిసిపోయింది.

అప్పుడే గుంపులోంచి ఒక రిటైర్డ్ బడి సారు ముందుకొచ్చారు. ఆ పాత పత్రిక ప్రతి ఒకటి ఆయన దగ్గర ఇంకా ఉందట.

"కథల గిట్ల లేదమ్మా. టికెట్ లేదని మేకపిల్లను ముందటి స్టేషన్ల దింపేస్తరు. అది ఏడ్చుకుంట ఇంటికి వోయి, ఇంకెప్పుడు చెప్పకుంట పోనని చెవులు పట్టుకుంటది" అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. చిన్నప్పుడు అన్నం మానేసి ఏడ్చింది ఈ ముగింపు కోసమా! అంతకంటే, ఇంతమందిలో కమ్లక్క చిన్నబుచ్చుకుంటుందేమోనని భయం వేసింది.

ఆమె మాత్రం తాపీగా సారు వైపు తిరిగింది.

"గందుకే సారూ... గా కాయితం పొయ్యిల వెట్టిన!"

వీధి వీధంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ సారే.

ఇప్పుడు మా దుకాణంలో అన్నీ ప్లాస్టిక్ ప్యాకెట్లే. వాటి మీద బరువు, ధర, గడువు తప్ప చదవడానికి ఏమీ ఉండదు. పొట్లం విప్పితే సగం కథ దొరికే రోజులు పోయాయి...

మీ ఇంటికొచ్చిన పొట్లాల్లో ఏ కథ సగంలో ఆగిపోయిందో రాయండి. కమ్లక్క వచ్చే అంగడికి వస్తానంది... మిగతాది ఆమెను అడిగి చెబుతాను.