చెప్పుల కొట్లో పాయసం

మా ఇంట్లో అగరుబత్తి వెలిగించాలంటే ముందు మా ఆయన డ్యూటీ చూసుకోవాలి. ఫస్ట్ షిఫ్టయితే ఆయన సైకిల్ గేటు దాటాకే దేవుడికి ధూపం. పెళ్లయి విజయనగరం వైపు నుంచి భిలాయి వచ్చిన కొత్తలో ఇదేం చోద్యమో నాకు అర్థమయ్యేది కాదు. సెంటు సబ్బు వద్దు, పౌడరు వద్దు, వాసన నూనె వద్దు. మల్లెపూలు పెట్టుకుంటే దూరంగా జరిగి కూర్చునే మొగుణ్ని చూసి ఏ కొత్త పెళ్లికూతురు సంతోషిస్తుంది చెప్పండి. నేనైతే బాత్రూములో కుళాయి తిప్పి మరీ ఏడ్చాను.

తర్వాత తెలిసింది. ఆయన పని స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల పక్కన, బొగ్గును మగ్గబెట్టినప్పుడు వచ్చే గ్యాసులోంచి తారు, బెంజాల్ వేరు చేసే విభాగంలో. పీలిస్తే విషం, నిప్పు తగిలితే మంట, ఆ బెంజాల్ ఎక్కడన్నా కారితే తియ్యటి వాసన వస్తుందట. మీటర్లున్నాయి, అలారాలున్నాయి, అయినా అక్కడి మనుషులు ముందు నమ్మేది ముక్కునే. ఒంటిమీద ఇంకో వాసన ఉంటే ముక్కు మోసపోతుందని అక్కడ ఎవరూ సెంటు పూసుకుని డ్యూటీకి రారు. ఎవరు మొదలుపెట్టిన అలవాటో తెలియదు గానీ, దాన్ని మా సెక్టర్ 2 క్వార్టర్ దాకా మోసుకొచ్చింది మాత్రం ఈయనే.

అలా వాసన లేని ఇంట్లో పెరిగింది మా అమ్మాయి. పెరిగి పెరిగి, రాయ్‌పూర్‌లో ఒక మాల్‌లో సెంట్లు అమ్మే కౌంటర్లో ఉద్యోగానికి చేరింది. దేవుడికి వేళాకోళం కాస్త ఎక్కువేనని అప్పుడే అనుకున్నాను.

ఆయన వద్దనలేదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది. మా టౌన్‌షిప్‌లో మనిషి కనబడితే ఆరోగ్యం కంటే ముందు పిల్లల ఉద్యోగం అడుగుతారు. మా వాడు రైల్ మిల్లు, మా పిల్ల బ్యాంకు అని చెప్పుకోవడం ఇక్కడ నమస్కారం పెట్టుకున్నంత మామూలు. ఈయన మాత్రం "ప్రైవేట్ జాబ్" అని రెండు ముక్కలు విసిరి, వెంటనే వానల మీదకో మోకాళ్ల నొప్పుల మీదకో వెళ్లిపోయేవారు. ఒక పెళ్లిలో అమ్మాయి పక్కనే నిలబడి ఉండగా అలాగే అన్నారు. ఆటోలో తిరిగొస్తూ అది నా చెవిలో, "అమ్మా, నాన్న నోట్లోంచి నా జాబ్ పేరు రాదేటి? నేనేమైనా చోరీ చేస్తున్నానా?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. తన పని ఇదీ అని తండ్రి నలుగురిలో ఒక్కసారి చెప్పగా వినాలని దానికి ఉండేది. అడిగి చెప్పించుకుంటే ఇక విన్నట్టేం ఉంటుంది? అందుకే అది అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని రైలెక్కేది, సాయంత్రం ఒంటి నిండా పదిరకాల వాసనలతో దిగేది. నాన్న ఇంట్లో ఉంటే ముందు బాత్రూములోకి వెళ్లి సబ్బుతో కడుక్కుని గానీ హాల్లోకి వచ్చేది కాదు.

ఈ చలికాలం మొదట్లో ఒక సీసా తెచ్చింది. మగవాళ్ల సెంటు, తోలు వాసనదట. తోలుకి మసాలా దినుసులూ తీపీ కలిపారట. అదెవరూ కొనడం లేదు, వాసన చూసి ముఖం చిట్లించుకుని వెళ్లిపోతున్నారు, ఏం చెప్పి అమ్మాలో తెలియడం లేదు, కాబట్టి మీరందరూ మీ అభిప్రాయాలు చెప్పండి అంది. సన్నటి కాగితం పట్టీ మీద కొట్టి నా ముక్కు కింద పెట్టింది.

ముందు ఏలకులు, దాల్చినచెక్క. వెనకాలే బెల్లం పాకం లాంటి తీపి. ఆ వెనక, అచ్చంగా, కొత్త చెప్పుల పెట్టె మూత తీసినట్టు.

"చెప్పుల కొట్లో పాయసం వండినట్టుంది," అన్నాను.

అది పడీ పడీ నవ్వింది. "కస్టమర్‌కి ఇలాగే చెప్పమంటావా అమ్మా?"

పక్క క్వార్టర్ దీదీ ఛత్తీస్‌గఢీ ఆవిడ. ఏ మాటైనా మొహమాటం లేకుండా అంటుంది. కళ్లు మూసుకుని పట్టీని చాలాసేపు వాసన చూసి, "బనే మహకత్ హే!" అని మెచ్చుకుంది. భలే బాగుందిట. మరి భయ్యాకి కొంటావా అని అడిగితే, ఆయనకెందుకు, ఈ వాసనేసుకుని సంతకి పంపితే కూరలు మరిచిపోయి ఇంకేదో తెస్తాడు అని కొట్టిపారేసింది.

మా ఆయన పట్టీని మూరెడు దూరంలో పట్టుకుని వాసన చూశారు. గ్యాసు మనిషి అలవాటు అది, దేన్నీ ముక్కుకి ఆనించరు. "దీన్ని డబ్బులెట్టి కొంతారేటి?" అని పట్టీ బల్ల మీద పెట్టేసి టీవీ వైపు తిరిగారు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. సీసా తీసుకెళ్లి అద్దం దగ్గర పెట్టేసి వెళ్లి పడుకుంది. నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఆ పూట చారులో పోపు వెయ్యలేదు.

బల్ల తుడుస్తూ ఆ పట్టీ పారేయబోయి, ఊరికే మళ్లీ ఒకసారి వాసన చూశాను. ఏలకులు ఎగిరిపోయాయి. మిగిలింది తారు లాంటి చేదు, దాన్ని అంటిపెట్టుకుని కొంచెం తీపి. నాకది తెలుసు. ఉతకడానికి ముందు బకెట్ పక్కన పడి ఉండే ఆయన యూనిఫాం చొక్కా వాసన. ఆ వాసన నాకిష్టమని ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. మనిషి షిఫ్టు ముగించుకుని క్షేమంగా ఇల్లు చేరాడనడానికి నాకదే గుర్తు, ఎందుకు ఇష్టముండదు? మర్నాడు అమ్మాయికి చెబితే, "నాన్న వాసనా?" అని కళ్లు పెద్దవి చేసింది. "ఊఁ. కాస్త డబ్బున్న నాన్న," అన్నాను.

తర్వాతి వారంలో ఆయన విభాగంలో ఒకాయన రిటైరయ్యారు. వీడ్కోలు సభ ప్లాంటు లోపల క్యాంటీన్ హాల్లో పెట్టారు. ఆ రోజు ఈయనకి వీక్లీ ఆఫ్. ఇస్త్రీ బట్టలు వేసుకుని అద్దం ముందు నిలబడితే, రుమాలు ఇద్దామని వెళ్లాను. గదంతా ఏలకులు! సెంటు పూసుకోవడం తెలియని మనిషి, దోమల మందు కొట్టినట్టు కొట్టుకున్నారు. నన్ను చూసి దొరికిపోయినట్టు తలొంచుకుని, "ఫంక్షనే కదే, డ్యూటీ కాదు కదా," అన్నారు. వంటింట్లోకి వెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. అమ్మాయికి ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, అప్పటికి దాని రైలు కుమ్హారి స్టేషన్ దాటి ఉంటుంది, రాయ్‌పూర్‌లో దిగే హడావిడిలో ఉంటుంది, సాయంత్రం ఎదురుగా చెబితే ముఖం చూడొచ్చని ఆగాను.

మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చారు. ఒంటిమీద ఎవరిదో పాత యూనిఫాం చొక్కా. సొంత చొక్కా ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి ఉంది. ఏమయిందండీ అంటే, "నీళ్లు తోడు," అన్నారు. స్నానం చేసి, విడిచిన ఆ అరువు చొక్కానే మళ్లీ వేసుకుని కూర్చున్నారు. ఏమీ తోచక కాబోలు. అమ్మాయి వచ్చి, భుజాన సంచి దించకుండానే ఆ చొక్కా ఏమిటని అడిగితే అప్పుడు నోరు విప్పారు.

రిటైరయ్యే ఆయన, తన బదులు మనిషి వచ్చేదాకా సీటు వదలనని కంట్రోల్ రూమ్‌లోనే కూర్చున్నారట. పిలుచుకురావడానికి ఈయన వెళ్లారు. తలుపులు మూసిన ఏసీ గది. వెళ్లిన కాసేపటికే డ్యూటీలో ఉన్న ఆపరేటరమ్మాయి గాలి పీల్చి, "సర్, మీఠా స్మెల్ ఆ రహా హై," అంది, తియ్యటి వాసన వస్తోందని. పొద్దుట్నుంచీ ఒంటిమీదే ఉండడంతో ఈయనకి ఆ వాసన తెలియడం మానేసింది. ఆ పిల్ల అన్నాక గట్టిగా పీల్చారు. తీపి. కింద తారు. ఇంకేముంది! ఈయనే అలారం కొట్టించారు, పంపులు ఆపించారు, దండ వేయించుకోవాల్సిన పెద్దమనిషిని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. క్యాంటీన్లో లడ్డూల ముందు కూర్చున్నవాళ్లని కూడా లేపి, ప్రమాదమప్పుడు అందరూ చేరే చోటికి తోలారు. అక్కడా వాసన. గాలి ఇటు తిరిగిందని ఇంకా వెనక్కి జరిపారు. అక్కడా ఉంది. మీటరేమో సున్నా చూపిస్తోంది. మీటర్ పాడైంది, ఇంకోటి తెండని కేకలు వేసింది కూడా ఈయనే.

"ఆఖరికి ఆ రిటైరయ్యే ఆయన వచ్చి నా కాలర్ దగ్గిర ముక్కెట్టి, లీకేజీ ఇక్కడుందిరా అన్నాడు," అన్నారు.

అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. దాని ముఖంలో భయం. "సచ్ బోల్ నాన్నా, నీకు డ్యూటీలో ఏమైనా అయిపోతాదా? నా సీసా వల్లేనా?"

"ఏటీ అవదు. ఇంజనీరుగారు అడిగినారు, ఇన్నేళ్ల సర్వీసున్న మనిషివి, ఏటయ్యా పూసుకున్నావు అని."

ఫంక్షన్లో పన్నీరు చల్లారనేస్తే పోయేది. నేనైతే అదే అనేదాన్ని.

"మరేటి చెప్పేవు?" అంది అమ్మాయి.

ఆయన అరువు చొక్కా బొత్తాం తిప్పుతూ కూర్చున్నారు. "ఉన్నదే చెప్పేను. మా పిల్ల రాయ్‌పూర్ మాల్‌లో సెంట్లు అమ్ముతాది, దాని జాబ్ అది. ఇది ఎవరూ కొనట్లేదంట, అందుకే నాను పూసుకొచ్చినాను అన్నాను."

"అందరి ముందరా?"

"అందరూ అక్కడే ఉన్నారు కదే. బయటికి తోలింది నానే కదా."

అది సంచి కింద పెట్టింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "మళ్లీ చెప్పు నాన్నా."

"ఏటి? లీకేజీ సంగతా?"

"కాదు. నా గురించి చెప్పింది."

ఆయన సిగ్గుపడుతూనే మళ్లీ చెప్పారు. ఈసారి ఇంకొంచెం ఎక్కువ చెప్పారు. రెండో ఫ్లోరులో ఉంటాదని, ఎస్కలేటర్ దిగ్గానే ఎడం పక్కనేనని, నల్లకోటు వేసుకుంటాదని. నేనూ అమ్మాయీ మొహమొహాలు చూసుకున్నాం. ఆయన ఆ మాల్‌కి వెళ్లారని మా ఇద్దరికీ తెలియదు.

"ఎప్పుడొచ్చేవు నాన్నా?" అంది అది.

"ఒకపాలి వచ్చినాను. ఎవరికో సెంటు చూపించి మాటాడతన్నావు. బాగా మాటాడతన్నావు. అడ్డం రావడమెందుకని వెళిపోనాను."