అక్క చెప్పిన మడత

మా అక్క బండారులంకలో అత్తవారి మగ్గాల మీంచి దిగిన చీరలు మడతలు పెట్టేది. చిన్నప్పటి కీళ్ల జ్వరం ఆవిడ గుండె వాల్వును పాడుచేసింది. నాలుగు చీరలు మడిచేసరికి ఆయాసపడేది.

ఎనభైల్లో నేనొక ప్రయోగశాలలో కృత్రిమ వాల్వు రేకుల కోసం ప్లాస్టిక్ పొరలు తయారుచేసేవాణ్ణి. అవి తెరుచుకుని మూసుకుని చివరికి చట్రానికి అతికించిన అంచు దగ్గర చిరిగేవి. సెలవుకి వెళ్లినప్పుడు చిరిగినదొకటి అక్కకి చూపించాను. ఆవిడ దాన్ని వేళ్ల మధ్య వంచి చూసింది.

"ఒకేచోట మడత పడితే ఏ గుడ్డయినా అక్కడే చీలిపోద్దిరా తమ్ముడూ. మడతని ఒక్క గీత మీదే పడనివ్వకు," అంది.

తిరిగి వెళ్లి, రేకును అంచు దగ్గర మందంగా, పోనుపోను పలచగా ఉండేలా అచ్చులో పోశాను. వంపు వెడల్పుగా పరుచుకుంది. రేకు చిరగలేదు. పేటెంటు దరఖాస్తులో కనిపెట్టినవారు అన్నచోట నా పేరొక్కటే రాశాను. చీరలు మడిచే మనిషి పేరు అక్కడ ఉండాలని నాకు తట్టనేలేదు, సిగ్గులేనివాణ్ణి.

ఈ ప్లాస్టిక్ పాతదే, గుండెలో పెడతామన్నంత మాత్రాన కొత్తదైపోదు అని పేటెంటు ఆఫీసు జవాబిచ్చింది. ఒళ్లు మండిపోయింది. నా కష్టమంతా ఆ ప్లాస్టిక్ మీదే మరి! కొత్తదని వాళ్లు ఒప్పుకున్నది ఒక్కటే, మడత ఒక గీత మీద పడకుండా రేకును పోసిన తీరు.

అక్క పేరు చేర్చమని అడిగాను. ఆవిడ చేత సంతకం పెట్టించి పంపమన్నారు.

మా వాల్వు అప్పటికింకా గొర్రెల మీద పరీక్షల్లోనే ఉంది. అక్క పోయి ఏడు నెలలైంది.