కుంకుమ పెట్టని వాల్వు

శత్రువు ఏ స్తంభం చూపితే ఆ స్తంభంలోంచే వచ్చిన లక్ష్మీనరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఉద్యోగ జీవితమంతా ఇనుమును అనుమానిస్తూ బతికిన నన్ను, మనుషుల మీద నమ్మకం పోకుండా రిటైర్ చేయించింది ఆయన దయే.

కరోనా తగ్గాక వచ్చిన మొదటి వేసవిలో నాకు నాచారం పారిశ్రామికవాడలో ఒక పని అప్పగించారు. అప్పుడు నేను ఒక తనిఖీ సంస్థలో సీనియర్ ఇన్‌స్పెక్టింగ్ ఇంజనీరును. తయారు చేసేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, వస్తువు పనికొస్తుందో లేదో చెప్పే మూడో మనిషి ఉద్యోగం అది. ఇద్దరికీ మన మీద కోపం వస్తే పని సక్రమంగా జరిగినట్టు లెక్క.

పరీక్షించాల్సింది గ్యాస్ బావులకు వాడే కొత్త రకం భద్రతా వాల్వు. దీన్ని నేల కింద గొట్టంలో అమరుస్తారు. పై నుంచి సన్నని పైపులో వచ్చే నూనె ఒత్తిడి దాని రేకును తెరిచి ఉంచుతుంది. పైన ఏ ప్రమాదం జరిగినా ఆ ఒత్తిడి పోతుంది, స్ప్రింగు రేకును మూసేస్తుంది. మనుషులందరూ చేతులెత్తేసిన క్షణంలో అది తనంతట తాను మూసుకోవాలి. అలా మూసుకుంటుందని రుజువయ్యేదాకా ఏ బావిలోనూ దించనివ్వరు. ఆ రుజువు ప్రక్రియనే మా భాషలో క్వాలిఫికేషన్ అంటారు.

దాన్ని తయారు చేసినవాడు యాదగిరి. చాలా ఏళ్లు ఇతరుల డ్రాయింగులకు విడిభాగాలు కోసి ఇచ్చి, చివరికి సొంత డిజైన్ చేశాడు. ఇది పాసైతే షెడ్డు నిలబడుతుంది. కాకపోతే షెడ్డును గోదాముకు అద్దెకిచ్చేస్తానని, పనివాళ్లు చర్లపల్లిలో వేరే పని వెతుక్కోవాల్సిందేనని ముందే చెప్పేశాడు.

ఉప్పల్లో మా ఆదివారం సత్సంగంలో ప్రవచనం చెప్పేదీ యాదగిరే. ఈ సంగతి మా పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేశాను. మీరిద్దరూ ఒకే దేవుడికి మొక్కితే సంస్థకు అభ్యంతరం లేదు, ఒకే వ్యాపారం చేయకపోతే చాలన్నారు ఆయన.

మొదటి రోజు షెడ్డులోకి వెళ్లేసరికి పరీక్ష బల్ల మీద ఒక వాల్వు సిద్ధంగా ఉంది. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మిగతావి గోడ పక్కన అరలో వరుసగా ఉన్నాయి.

నలుగురిలో నన్ను సార్ అనే యాదగిరి ఆ రోజు మరిచిపోయాడు. "అన్నా, గిది జూడు. గుట్టకు తీస్కపోయి స్వామి పాదాల కాడ వెట్టి తెచ్చిన. ఇప్పటిదాంక ఒక్కపాలి గూడ ఫెయిల్ గాలే. గిదే పెడదాం."

పరీక్షకు ముక్కను, అంటే ఏ వాల్వు పెట్టాలో, ఎంచాల్సింది తనిఖీదారు, తయారీదారు కాదు అని నియమం వివరించాను.

"నువ్వు గూడ భక్తుడివే గదన్నా. స్వామి మీద నమ్మకం లేదా?"

స్వామికి పరీక్ష అక్కర్లేదని, వాల్వుకే కావాలని చెప్పాను. పోయిన ఆదివారమే సత్సంగంలో యాదగిరి స్తంభం కథ గంటసేపు చెప్పాడు. ఆ స్తంభాన్ని చూపించింది భక్తుడా, శత్రువా అని అడిగాను.

యాదగిరి వాల్వు మీది దండ సర్దాడు. "గది ప్రవచనం, అన్నా. ఇది ఫ్యాక్టరీ."

వాల్వులు బిగించే అనిత అక్కడే ఉంది. "మిగిలినయి గూడ మేమే జేసినం గద సార్. గా ఒక్కదానికే దండలు, మాయి పనికిరానియా?" అంది యజమానితో. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. "నీకేం ఎర్క, ఊకో," అన్నాడు గానీ అంతకంటే వాదించలేదు.

నేను అరలో చివర, దుమ్ము పట్టి ఉన్నదాన్ని తీశాను.

ముందు నీటి ఒత్తిడి పరీక్ష. తర్వాత మూసిన వాల్వు కింద నైట్రోజన్ నింపి, పై వైపు గొట్టాన్ని గాజు పాత్రలోని నీళ్లలో ముంచుతాం. లీకు ఉంటే బుడగలు వస్తాయి. ప్రమాణం కొద్దిపాటి బుడగలను ఒప్పుకుంటుంది. యాదగిరి ఒప్పుకోలేదు. ఒక్కో బుడగకూ ఒక్కో నామం చదివాడు. బుడగలు ఆగినా నామం ఆగలేదు. తర్వాత ఇసుక కలిపిన నీళ్లు పారుతుండగా మూయించి, మళ్లీ గ్యాస్ పెట్టాం. దుమ్ము పట్టిన వాల్వు అన్నింటికీ నిలిచింది.

అక్కడితో ఆగితే సరిపోయేది. "మామూలుదే గిట్ల జేస్తే, స్వామి పీసు ఎట్ల జేస్తదో చూద్దాం," అన్నాడు యాదగిరి. చూసింది ఏదైనా నివేదికలో రాయక తప్పదని హెచ్చరించాను. రాయమన్నాడు, సంతోషంగా.

గాజు పాత్రలో అన్నం ఎసరు మరిగినట్టు బుడగలు లేచాయి. వాల్వు విప్పి చూశాం. ప్రతి శుక్రవారం పూజ చేసి, వచ్చిన ప్రతి చుట్టానికీ తెరిచి మూసి చూపించేవారట. కుంకుమ, అగరుబత్తి బూడిద నూనెలో కలిసి రేకు ఆనే చోట గట్టిగా పేరుకున్నాయి. శుభ్రం చేసి బిగిస్తే అదీ నిలిచింది. కానీ మొదటి ఫలితం కాగితం మీదికి ఎక్కింది.

హెడ్డాఫీసు నుంచి ప్రశ్న వచ్చింది: ఈ మలినం బావిలోనూ చేరే అవకాశం ఉందా? ఆ సందేహం తీరేదాకా ఆమోదం ఆపారు. రోజూ షెడ్డు ముందు అనిత ఆపి అడిగేది: "సార్, ఉండమంటరా, చర్లపల్లి బాట వట్టమంటరా?" నేను హెడ్డాఫీసుకు జవాబు రాయడానికి కూర్చున్నాను. భూగర్భంలో పూజలు జరిగే అవకాశం లేదన్న సంగతిని ఇంజనీరింగ్ ఇంగ్లీషులో రాయడం నా సర్వీసులో అన్నింటికన్నా కష్టమైన పని. రాశాను. ఆమోదం వచ్చింది. దానితోపాటు పరీక్ష ముక్కకు ఏ పదార్థమూ పూయరాదని పద్ధతిలో కొత్త నిబంధన కూడా చేరింది. దేశంలో ఇంకెవరికీ దాని అవసరం పడి ఉండదు.

ఆ పూజల వాల్వు ఇప్పుడు యాదగిరి ఇంట్లో దేవుడి గదిలో ఉంది. అక్కడ దాని మీద ఒత్తిడి లేదు.

తయారు చేసినవాడు ఎంచిన ముక్క అతని ఎంపికను రుజువు చేస్తుంది. పరాయివాడు ఎంచిన ముక్కే అతని పనిని రుజువు చేస్తుంది. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే.

దుమ్ము పట్టిన దాని తోబుట్టువులు ఇప్పుడు బావుల్లో తెరుచుకుని ఉన్నాయి. అవి మూసుకోవాల్సిన రోజు ఎన్నటికీ రాకూడదని, పాఠకులారా, నాతోపాటు స్వామిని వేడుకోండి.