అక్క మాటకు గడి లేదు

నంద్యాల డిగ్రీ కాలేజీలో నేను చెప్పేది తత్వశాస్త్రం. మనిషి తేల్చి చెప్పే మాటలన్నీ పన్నెండు రకాలేనన్న ఒక జర్మన్ తత్వవేత్త లెక్క చెబుతూ ప్రతి ఏడాదీ బోర్డు మీద పన్నెండు గడులు గీస్తాను. అవును, కాదు, అందరూ, కొందరు, ఇలా అయితే అలా, కావచ్చు, కాక తప్పదు... ఈ వరసలో ఉంటాయవి. "ఇంతకు మించి లేవని ఎట్లా తెలుసు సార్?" అని ఒకమ్మాయి అడిగింది. ఇంకొకటుంటే పట్టుకురమ్మన్నాను, పొగరుగా.

ఆ ఇంకొకటి మా అక్క దగ్గరే ఉంది. ఆళ్లగడ్డలో బట్టలు కుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. మెడ మీద నిమ్మకాయంత వాపు లేచింది. తొందరగా తీసేయాలని నంద్యాల డాక్టరు గట్టిగా చెప్పాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా బస్సెక్కి పోయేవాణ్ణి.

"ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటావక్కా?"

"చూద్దాం లేప్పా."

"చేయించుకుంటావా, లేదా? అది చెప్పు."

"ఏందీ నీ గోల! చూద్దామంటాండా గదా. అన్నం తిను."

ఏ గడిలో తోయను దీన్ని? అవుననుకుందామంటే బ్యాగు సర్దదు. కాదనుకుందామంటే రిపోర్టులు బైబిలు కింద భద్రంగా దాచింది. కావచ్చని కూడా నోరు తెరిచి అనదు. తిరుగు బస్సు శిరివెళ్ల దాటేదాకా నాలో నేనే పోట్లాడుకునేవాణ్ణి. ఆ గడులు మొదట గీసిన జర్మన్ మహానుభావుడికి మా అక్కలాంటి అక్క ఉండి ఉండదు. చివరికి తల ప్రాణం తోకకొచ్చి, ఇంక రానని చెప్పి వచ్చేశాను.

బుధవారం పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో ఆగింది. బ్యాగుతో అక్క దిగింది.

"వస్తానని ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్తి గదప్పా, చూద్దామని."

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు అక్క నా వేళ్లు గట్టిగా పట్టుకుంది. "నేను మళ్లా లేస్తానా? నిజం చెప్పప్పా."

అవునని ఖాయంగా చెప్పడానికి నాకేం తెలుసు? కాదనడానికి నోరు రాదు. కావచ్చు అంటే, అక్క ముఖంలోకి చూస్తూ అనగలిగే మాట కాదది.

"చూద్దాం లేక్కా," అన్నాను.

అక్క తలూపింది. వేళ్లు మాత్రం వదల్లేదు, నర్సు వచ్చి విడిపించింది.

సాయంత్రం కళ్లు తెరిచి, బొంగురు గొంతుతో, "అన్నం తిన్న్యావా?" అంది.

లేదన్నాను. దానికైతే గడి ఉంది.